మోటారు సైకిలు వెనుక స్ప్రింగు రేటు

మోటారు సైకిలు వెనుక చక్రానికి, వాహనపు చట్రానికి మధ్య అమర్చిన షాక్ అబ్జార్బరు మీద ఉండే ఉక్కు స్ప్రింగును ఒక మిల్లీమీటరు మేర కుదించడానికి ఎంత బలం కావాలో, ఆ బలాన్ని ఆ స్ప్రింగు యొక్క స్ప్రింగు రేటు అంటారు. భౌతిక శాస్త్ర పాఠ్యపుస్తకాలలో దీనినే స్ప్రింగు స్థిరాంకం లేదా బల స్థిరాంకం అని వ్రాస్తారు. శాస్త్రరీత్యా దీని ప్రమాణం మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లు. వాడుకలో మిల్లీమీటరుకు ఇన్ని కిలోలు అని చెప్పుకోవడం సులువు కాబట్టి ఈ వ్యాసంలో కిలోల లెక్కే వాడబడింది. ఒక కిలో బరువు సుమారు 9.8 న్యూటన్ల బలానికి సమానం.

స్ప్రింగు రేటు ఎక్కువైతే వాహనం గట్టిగా, తక్కువైతే మెత్తగా ఉంటుంది. ఎవరి బరువుకు, ఏ మోతకు, ఎటువంటి రోడ్డుకు ఎంత రేటు ఉండాలన్నది లెక్కకట్టి తెలుసుకోదగిన విషయం. అయితే ఆచరణలో ఎక్కువమంది దీనిని లెక్కతో కాక, షాక్ అబ్జార్బరు అడుగున ఉండే మెట్ల బిళ్ళను త్రిప్పి సరిపెట్టుకుంటారు. ఆ బిళ్ళ స్ప్రింగు రేటును మార్చదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది.

కామవరపుకోట, కొల్లేరు ప్రాంతాలలో ప్రాముఖ్యత

కామవరపుకోట ఏలూరు జిల్లాలోని ఒక మండల కేంద్రము. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. గుంటుపల్లి బౌద్ధ గుహలు ఈ మండలంలోని జీలకర్రగూడెం వద్దనే ఉన్నాయి. ఇది మెట్ట ప్రాంతం. ఎర్ర నేలలు, చిన్న చిన్న గుట్టలు, మామిడి, జీడిమామిడి, ఆయిల్ పామ్, మొక్కజొన్న, పొగాకు సాగు ఇక్కడి లక్షణాలు. ఇక్కడి నుండి దక్షిణంగా ఏలూరు దాటితే నేల పూర్తిగా మారిపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు సరస్సు, దాని చుట్టూ చేపల చెరువులు, నల్లరేగడి గట్లు కనిపిస్తాయి. తూర్పుగా పోతే తాడేపల్లిగూడెం పెద్ద వ్యాపార కేంద్రము.

ఈ మెట్టకు, పల్లానికి మధ్య చిన్న రైతులకు, చిల్లర వర్తకులకు మోటారు సైకిలే సరుకు బండి. పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు, కొబ్బరి గెలలు, చేపల పెట్టెలు, కూరగాయల ట్రేలు వెనుక క్యారియరు మీదనే ప్రయాణిస్తాయి. మెట్టలో గ్రావెలు బాటల మీద వానకు చారలు పడతాయి. పల్లంలో నల్లమట్టి గట్లు తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారి ఎగుడుదిగుడుగా తయారవుతాయి. ఒకే వాహనం తెల్లవారుజామున చేపల పెట్టెలతో చెరువు గట్టు మీద, పగలు ఖాళీగా తారు రోడ్డు మీద, సాయంత్రం భార్యాబిడ్డలతో ఊరి వీధిలో తిరుగుతుంది. ఈ మూడింటికీ ఒకే స్ప్రింగు సరిపోవాలి. చిక్కు అక్కడే ఉన్నది.

స్ప్రింగు పని, షాకు పని

మెకానిక్కులు స్ప్రింగును, దాని లోపలి నూనె గొట్టాన్ని కలిపి 'షాకులు' అనే ఒక్క మాటతో పిలుస్తారు. నిజానికి ఇవి రెండు వేర్వేరు పనులు చేస్తాయి. బరువు మోసేది స్ప్రింగు. గతుకులో కుదించుకుపోయి, అందిన శక్తిని స్థితిజ శక్తిగా దాచుకొని, తిరిగి విడుదల చేసేదీ అదే. స్ప్రింగు ఒక్కటే ఉంటే ఒక గతుకు దాటిన తరువాత వాహనం ఉయ్యాల వలె చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. గొట్టంలోని ముషలకం చిన్న రంధ్రాల గుండా నూనెను నెడుతూ ఆ ఊపును వేడిగా మార్చి అణచివేస్తుంది. పాఠ్యపుస్తకాలలో అవరుద్ధ డోలనాలు అని చదువుకునేది దీనినే.

కాబట్టి "బండి ఊగుతున్నది, స్ప్రింగులు పోయాయి" అన్న మాట చాలాసార్లు తప్పు. స్ప్రింగు ఉక్కు సాధారణంగా ఏళ్ళ తరబడి తన రేటును నిలుపుకుంటుంది. ముందుగా పాడయ్యేది నూనె సీలు. షాకు కడ్డీ మీద నూనె జిడ్డు, దానికి అంటిన దుమ్ము కనబడితే ఆ లోపం నూనెది. దానికి గట్టి స్ప్రింగు మందు కాదు.

హుక్ నియమం, స్ప్రింగు కొలతలు

ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ స్థితిస్థాపకత నియమాన్ని 1676లో అక్షరాలు తారుమారు చేసిన ఒక పొడుపు రూపంలో ప్రకటించి, 1678లో దాని అర్థాన్ని వెల్లడించాడు. బలం ఎంత రెట్టింపైతే సాగుదల లేక కుదింపు కూడా అంత రెట్టింపు అవుతుందన్నది దాని సారాంశం. మిల్లీమీటరుకు 1.8 కిలోల రేటు గల స్ప్రింగు మీద 18 కిలోలు పెడితే 10 మి.మీ., 36 కిలోలు పెడితే 20 మి.మీ. కుదించుకుంటుంది.

తీగను చుట్టి చేసిన స్ప్రింగు రేటు దాని కొలతలను బట్టి ఈ విధంగా ఉంటుంది:

స్ప్రింగు రేటు = (ఉక్కు దృఢతా గుణకం × తీగ వ్యాసం నాలుగవ ఘాతం) ÷ (8 × చుట్టు సగటు వ్యాసం ఘనం × పనిచేసే చుట్ల సంఖ్య)

స్ప్రింగు ఉక్కుకు దృఢతా గుణకం చదరపు మిల్లీమీటరుకు సుమారు 79,000 న్యూటన్లు. ఉదాహరణకు తీగ వ్యాసం 7 మి.మీ., చుట్టు సగటు వ్యాసం 45 మి.మీ., పనిచేసే చుట్లు 15 అనుకుంటే రేటు మిల్లీమీటరుకు సుమారు 17.3 న్యూటన్లు, అనగా దాదాపు 1.8 కిలోలు వస్తుంది. మిగిలినవి మార్చకుండా తీగను 7.5 మి.మీ. చేస్తే రేటు దాదాపు 2.3 కిలోలకు పెరుగుతుంది. అర మిల్లీమీటరు తేడాకు మూడింట ఒక వంతు గట్టిదనం పెరిగిందన్నమాట. నాలుగవ ఘాతం ప్రభావం ఇది. దుకాణంలో రెండు స్ప్రింగులను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒకేలా కనిపించవచ్చును. కంటితో చూసి కొనరాదు, వెర్నియర్ కాలిపర్స్‌తో తీగను కొలవవలెను. పాఠశాల ప్రయోగశాలలో గోళీ వ్యాసం కొలవడానికే అలవాటుపడిన ఆ పరికరానికి ఇంతకంటే మంచి ఉపయోగం దొరకదు.

చుట్లు తగ్గితే రేటు పెరుగుతుంది. 15 చుట్లలో 2 కోసివేస్తే మిగిలిన స్ప్రింగు 15 శాతం గట్టిదవుతుంది. అందుకే కొందరు స్ప్రింగును కోయిస్తారు. కానీ పొట్టిదైన స్ప్రింగు తన స్థానంలో వదులవుతుంది. కోసిన కొన చదునుగా కూర్చోదు. గ్యాసు మంటతో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును పోయి, కొద్దికాలానికే స్ప్రింగు కూలబడుతుంది లేదా విరుగుతుంది.

చక్రం దగ్గర రేటు

షాక్ అబ్జార్బరు సాధారణంగా ఇరుసుకు కొంచెం ముందుగా, కొంత వాలుగా బిగించి ఉంటుంది. అందువలన చక్రం 10 మి.మీ. పైకి లేచినపుడు స్ప్రింగు 10 మి.మీ. కుదించుకోదు, అంతకంటే తక్కువ కుదించుకుంటుంది. ఈ రెండింటి నిష్పత్తిని కదలిక నిష్పత్తి అనవచ్చును. స్వింగ్ ఆర్మ్ కీలు నుండి షాకు బిగింపు వరకు గల దూరాన్ని, కీలు నుండి ఇరుసు వరకు గల దూరంతో భాగించి, షాకు వాలుకు తగిన కొసైన్ విలువతో గుణిస్తే అది వస్తుంది. మొదటిది 0.94, వాలు నిలువు నుండి 25 డిగ్రీలు అయితే నిష్పత్తి దాదాపు 0.85.

చక్రం దగ్గర పనిచేసే రేటు కావాలంటే స్ప్రింగుల రేటును ఈ నిష్పత్తి వర్గంతో గుణించవలెను. వర్గం ఎందుకంటే, స్ప్రింగు తక్కువ దూరం కుదించుకోవడం వలన ఒకసారి, అది ఇచ్చిన బలం మీటమీద తగ్గి చక్రానికి చేరడం వలన మరొకసారి నష్టం జరుగుతుంది. రెండు ప్రక్కలా 1.8 కిలోల స్ప్రింగులుంటే మొత్తం 3.6. దానిని 0.85 వర్గంతో గుణిస్తే చక్రం వద్ద మిల్లీమీటరుకు 2.6 కిలోలు మాత్రమే.

ఒకే షాకు ఉండే మోనోషాకు వాహనాలలో ఈ నిష్పత్తి చాలా తక్కువగా, కొన్నింటిలో సగానికి దగ్గరగా ఉంటుంది. నిష్పత్తి 0.5 అయితే చక్రం దగ్గర అదే 2.6 కిలోలు రావడానికి స్ప్రింగు రేటు 10.4 కిలోలు ఉండాలి. కనుక ఒక వాహనపు స్ప్రింగు అంకెను మరొక వాహనపు అంకెతో నేరుగా పోల్చరాదు. "ఆ బండి స్ప్రింగు దీనికి వేస్తే గట్టిగా ఉంటుంది" అనేది లెక్క లేని మాట.

మెట్ల బిళ్ళ ఏమి చేస్తుంది

చాలా వాహనాలలో షాకు అడుగున మెట్లు గల బిళ్ళ ఉంటుంది. ఐదు మెట్లు ఉండడం సర్వసాధారణం. కొక్కెం స్పానరుతో దీనిని త్రిప్పితే స్ప్రింగు అడుగు భాగం పైకి జరిగి, బరువు పడకముందే స్ప్రింగు కొంత కుదించుకొని ఉంటుంది. దీనిని ప్రీలోడు అంటారు, ముందస్తు కుదింపు అని తెలుగులో చెప్పుకోవచ్చును. చివరి మెట్టుకు త్రిప్పిన తరువాత సీటు ఎత్తు పెరుగుతుంది, చేత్తో నొక్కితే మునుపటి కంటే బిగువుగా అనిపిస్తుంది. అందుచేత స్ప్రింగు గట్టిపడిందని అందరూ నమ్ముతారు. హుక్ నియమం మీద పూర్తి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి కూడా మెకానిక్కు షెడ్డులో ఈ మాటే అంటాడు.

తీగ మారలేదు, చుట్టు మారలేదు, చుట్ల సంఖ్య మారలేదు. కనుక రేటు మారలేదు. మారినది ప్రారంభ స్థానం ఒక్కటే. తేడా ఎంతో ఒక ఉదాహరణలో చూడవచ్చును.

ఒక 100 సీసీ తరహా వాహనాన్ని తీసుకుందాము. ఇవి ఒక నమూనా లెక్క కోసం తీసుకున్న అంకెలే గాని ఏ ఒక్క కంపెనీ వాహనానివి కావు. చక్రం దగ్గర రేటు 2.6 కిలోలు. వెనుక చక్రం మొత్తం కదలిక 85 మి.మీ. ప్రీలోడు 10 మి.మీ., దీని బలం చక్రం దగ్గర సుమారు 31 కిలోలు. వాహనపు బరువులో వెనుక స్ప్రింగుల మీద పడేది 42 కిలోలు. నడిపే మనిషి 70 కిలోలు, అందులో వెనుకకు చేరేది 49 కిలోలు. క్యారియరు మీది మోత దాదాపు అంతా వెనుక చక్రం మీదనే పడుతుంది.

మనిషి ఒక్కడే కూర్చుంటే 91 కిలోల నుండి 31 తీసివేయగా మిగిలిన 60 కిలోలకు వెనుక భాగం 23 మి.మీ. దిగుతుంది. 60 కిలోల మోత చేరిస్తే 46 మి.మీ. దిగుతుంది. 100 కిలోల చేపల పెట్టెలు కడితే 62 మి.మీ. దిగుతుంది. 150 కిలోలు కడితే 81 మి.మీ., అనగా దాదాపు అడుగంటినట్లే.

100 కిలోల మోతనే గమనిద్దాము. 85 మి.మీ.లో 62 పోగా గతుకులకు మిగిలినది 23 మి.మీ. ఆ 23 మి.మీ.లో స్ప్రింగు ఇంకా మోయగలిగే అదనపు బరువు 60 కిలోలు. రోడ్డు మీద ఒక గుంతలో పడి లేచినపుడు వెనుక భారం క్షణకాలం ఒకటిన్నర రెట్లు కావడం పెద్ద విశేషమేమీ కాదు. అక్కడ ఉన్న 191 కిలోలకు ఆ అదనం సుమారు 95 కిలోలు. ఉన్న శక్తి 60, కావలసినది 95. షాకు అడుగు తగులుతుంది.

ఇప్పుడు బిళ్ళను చివరి మెట్టుకు త్రిప్పి ప్రీలోడు మరో 12 మి.మీ. పెంచామనుకుందాము. వెనుక భాగం 14 మి.మీ. పైకి లేస్తుంది, దిగుడు 62 నుండి 48కి తగ్గుతుంది. మిగిలిన 37 మి.మీ.లో మోయగలిగేది 96 కిలోలు. సరిగ్గా అంచు మీద ఉన్నది. గుంత కొంచెం లోతైతే చాలదు. పైగా మోత దించిన తరువాత అదే మెట్టులో ఖాళీగా వెళితే మనిషి కూర్చున్నా దిగుడు 9 మి.మీ. మాత్రమే. చిన్న గుంత వచ్చినపుడు చక్రం క్రిందికి జారి నేలను అంటిపెట్టుకోవడానికి చోటు లేక, నేలను వదిలి ఎగురుతుంది. వంపులో, బ్రేకు వేసేటప్పుడు ఇది ప్రమాదకరం.

ఇక తీగ అర మిల్లీమీటరు లావైన 2.3 కిలోల స్ప్రింగులను వేసి, ప్రీలోడు మునుపటి 10 మి.మీ. వద్దనే ఉంచితే చక్రం దగ్గర రేటు 3.3 కిలోలు అవుతుంది. 100 కిలోల మోతతో దిగుడు 46 మి.మీ. చూపుకు ఇది చివరి మెట్టులో ఉన్న పాత స్ప్రింగు ఎత్తుకు దాదాపు సమానమే. కానీ మిగిలిన 39 మి.మీ.లో ఇది మోయగలిగే అదనపు బరువు 130 కిలోలు. నిలబెట్టి చూస్తే రెండు వాహనాలూ ఒకే ఎత్తులో ఉంటాయి, గతుకులో మాత్రం ఒకటి తట్టుకుంటుంది, మరొకటి అడుగు తగులుతుంది. ప్రీలోడుకు, రేటుకు గల భేదం ఇదే.

మోత పరిమితి

పై లెక్క చదివి వెంటనే గట్టి స్ప్రింగులు కొనడానికి బయలుదేరరాదు. ఈ తరగతి వాహనాలకు తయారీదారులు అనుమతించే మోత నడిపే మనిషితో కలిపి సుమారు 130 కిలోల ప్రాంతంలో ఉంటుంది. ఖచ్చితమైన అంకె వాహనంతో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. 70 కిలోల మనిషికి 60 కిలోల సరుకు. ఈ పరిమితిలో పాత స్ప్రింగుతోనే చివరి మెట్టులో దిగుడు 32 మి.మీ. మాత్రమే. అనగా అనుమతించిన మోతకు మెట్ల బిళ్ళే చాలును, అది ఉన్నది అందుకే. మోత కట్టినపుడు పైమెట్టు, దించినపుడు క్రిందిమెట్టు పెట్టుకోవలెను. ఏడాది పొడవునా ఒకే మెట్టులో తుప్పు పట్టిన బిళ్ళలే ఎక్కువగా కనబడతాయి. ఒక చుక్క నూనె, అర నిమిషం పని.

పరిమితికి మించిన మోతకు గట్టి స్ప్రింగు వేస్తే దిగుడు తగ్గుతుంది గాని చట్రం, చక్రపు పుల్లలు, టైరు, బ్రేకులు బలపడవు. మెత్తని స్ప్రింగు అడుగు తగిలి "ఇక చాలు" అని చెప్పే హెచ్చరిక కూడా మూగబోతుంది. విరిగేది మరొక చోట విరుగుతుంది. వంద కిలోలను రెండు దఫాలుగా తీసుకువెళ్ళమని చెప్పడం తేలికే, మంచు కరిగే లోపు చేపలు అమ్ముకోవలసిన వానికి రెండవ దఫా ఉండదు. అయినా లెక్క లెక్కే. ఆ పని ప్రతిరోజూ ఉంటే మూడు చక్రాల సరుకు బండే తగిన వాహనం.

మరి గట్టి స్ప్రింగు ఎవరికి కావాలి? 95, 100 కిలోల బరువు గల మనిషి రోజూ వెనుక మరొకరిని ఎక్కించుకొని తిరిగేటపుడు, లేదా అనుమతించిన మోతతోనే ఎప్పుడూ గట్లమీద ప్రయాణించవలసి వచ్చినపుడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ప్రకారం నడిపేవానితో పాటు మరొక్కరే ఎక్కవలెను. తాతగారి నుండి మనుమరాలి వరకు నలుగురిని ఎక్కించుకునేవారికి ఏ స్ప్రింగు రేటు సరిపోతుందో ఈ వ్యాసం చెప్పదు.

దిగుడును కొలిచి ఎంచుకొనుట

స్ప్రింగు సరైనదో కాదో తెలుసుకోవడానికి టేపు, ముగ్గురు మనుషులు చాలును. వాహనాన్ని సెంటర్ స్టాండు మీద నిలిపి, వెనుక చక్రం నేలను తాకకుండా ఉన్నపుడు ఇరుసు మధ్య నుండి దానికి సరిగ్గా పైన చట్రం మీద గుర్తుపెట్టిన చోటు వరకు కొలవవలెను. ఇది మొదటి కొలత. తరువాత స్టాండు తీసి, ఎవరూ ఎక్కకుండా వాహనాన్ని నిటారుగా పట్టుకొని రెండుమూడు సార్లు నొక్కి వదిలి, కొలవవలెను. ఇది రెండవది. నడిపే మనిషి మామూలుగా కూర్చొని కాళ్ళు పైకి పెట్టుకొనగా, ఒకరు ముందు పట్టుకొని, మరొకరు కొలవవలెను. ఇది మూడవది.

మొదటి కొలత నుండి మూడవదానిని తీసివేస్తే మనిషితో దిగుడు వస్తుంది. మొత్తం కదలికలో ఇది నాలుగవ వంతు నుండి మూడవ వంతు లోపు ఉండడం మంచిది. 85 మి.మీ. కదలికకు 21 నుండి 28 మి.మీ. అన్నమాట. ముందుగా మెట్ల బిళ్ళతో దీనిని సరిచేసుకోవలెను. ఆ తరువాత మొదటి కొలత నుండి రెండవదానిని తీసివేసి ఖాళీ దిగుడును చూడవలెను. అది కొద్ది మిల్లీమీటర్లు ఉండాలి.

ఇక్కడ విద్యార్థులు తడబడే చోటు ఒకటి ఉన్నది. మనిషితో దిగుడు సరిగ్గా ఉండి ఖాళీ దిగుడు సున్నా అయితే స్ప్రింగు గట్టిదనుకుంటారు. నిజానికి అది మెత్తనిది. మెత్తని స్ప్రింగుతో సరైన ఎత్తు రావడానికి ప్రీలోడు ఎక్కువ పెట్టవలసి వచ్చింది, ఆ ప్రీలోడు ఖాళీ వాహనాన్ని పైకి నెట్టి పట్టుకున్నది. దీనికి విరుద్ధంగా, ఖాళీ దిగుడు మరీ ఎక్కువగా ఉంటే ఆ స్ప్రింగు ఆ మనిషికి గట్టిది.

చేతిలో ఉన్న స్ప్రింగు రేటు తెలియకపోతే ఎరువుల బస్తాతో తెలుసుకోవచ్చును. 2018 నుండి యూరియా బస్తా 45 కిలోలు. అంతకుముందు 50 కిలోలు ఉండేది, డి.ఎ.పి. బస్తా ఇప్పటికీ 50 కిలోలే. స్ప్రింగు లోపల గట్టి ఇనుప కడ్డీ నిలిపి, పైన రంధ్రం గల మందపు చెక్క పెట్టి, ఇద్దరు మనుషులు పట్టుకొనగా బస్తాను ఆనించి కుదింపును కొలవవలెను. 45 కిలోలకు 25 మి.మీ. కుదిస్తే రేటు 1.8. రెండవ బస్తాకు మరో 25 మి.మీ. కుదిస్తే అది సమరేటు స్ప్రింగు. రెండవసారి తక్కువ కుదించుకుంటే అది క్రమంగా గట్టిపడే రకం. వాహనం నుండి స్ప్రింగును విడదీయడం మాత్రం మెకానిక్కు పని. ప్రీలోడుతో బిగిసి ఉన్న స్ప్రింగు చేయి జారితే ఎముకలు విరుగుతాయి.

క్రమంగా గట్టిపడే స్ప్రింగులు

ఒక కొసన చుట్లు దగ్గరగా, మరొక కొసన దూరంగా ఉండే స్ప్రింగులు కొన్ని వాహనాలకు ఉంటాయి. బరువు పెరిగేకొద్దీ దగ్గరి చుట్లు ఒకదానినొకటి తాకి పనిచేయడం మానుకుంటాయి. పనిచేసే చుట్లు తగ్గాయి గనుక రేటు పెరుగుతుంది. ఖాళీగా మెత్తగా, మోతతో గట్టిగా ఉండాలనే మన ప్రాంతపు కోరికకు ఇది దగ్గరి సమాధానం. బజాజ్ సంస్థ కొన్ని వాహనాలలో ప్రవేశపెట్టిన 'స్ప్రింగ్ ఇన్ స్ప్రింగ్' ఏర్పాటు, అనగా పెద్ద స్ప్రింగు లోపల చిన్న స్ప్రింగు పెట్టడం కూడా ఇటువంటి ఆలోచనే.

చుట్ల మధ్య రబ్బరు ముక్కలు దూర్చే నాటు పద్ధతి కూడా కొంతవరకు ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. అయితే రబ్బరు చిక్కుకున్న చోట తీగ మీద ఒత్తిడి ఒక్కచోటికి చేరుతుంది, రంగు లేచి తుప్పు పడుతుంది, కొంతకాలానికి అక్కడే విరుగుతుంది. రెండు ప్రక్కలా సమానంగా దూర్చడం కూడా సాధ్యపడదు. ఒక ప్రక్క గట్టిగా, ఒక ప్రక్క మెత్తగా ఉంటే స్వింగ్ ఆర్మ్ మెలితిరిగి బుష్షులు అరిగిపోతాయి. స్ప్రింగులను ఎప్పుడూ జతగానే మార్చవలెను.

చరిత్ర

తొలినాటి మోటారు సైకిళ్ళకు వెనుక స్ప్రింగులే ఉండేవి కావు. సీటు క్రింది స్ప్రింగులే ఆధారం. రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1949లో స్వింగ్ ఆర్మ్, రెండు షాకులు గల బుల్లెట్‌ను మార్కెట్టులోకి తెచ్చింది. 1955లో మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో ఈ వాహనాల తయారీ ఆరంభమైంది. 1973లో యమహా సంస్థ ఒకే షాకు గల పందెపు వాహనాన్ని మోటోక్రాస్ పోటీలలో దింపి ఆ ఏడాది 250 సీసీ ప్రపంచ విజేతగా నిలిచింది. దీని వెనుక ఉన్నది బెల్జియం దేశపు ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ ఆలోచన. భారతదేశంలో 2008లో యమహా ఆర్15 వచ్చిన తరువాత మోనోషాకు యువకుల వాహనాలలో బాగా వ్యాపించింది. మోత మోసే చవక వాహనాలు మాత్రం నేటికీ రెండు షాకులతోనే ఉన్నాయి.

స్ప్రింగు మార్చినపుడు చూడవలసినవి

స్ప్రింగు గట్టిదైతే, మోత పెరిగితే, దానిని అణచవలసిన నూనె పని కూడా పెరుగుతుంది. పై ఉదాహరణలో మోత లేని పాత స్ప్రింగుతో పోలిస్తే, 100 కిలోల మోతతో కొత్త స్ప్రింగు ఉన్నపుడు అదే షాకు ఊపును అణచే సామర్థ్యం దాదాపు ఆరు వంతుల స్థాయికి, అనగా పదింట ఆరుకు పడిపోతుంది. కనుక గట్టి స్ప్రింగును పాత నూనె గొట్టం మీద ఎక్కిస్తే గతుకు దాటిన తరువాత వెనుక భాగం విసిరినట్లు లేస్తుంది. వీలైతే స్ప్రింగు, షాకు కలిసి ఉన్న పూర్తి సెట్టునే తీసుకోవలెను.

వెనుక ఎత్తు మారితే చైను బిగువు కూడా మారుతుంది. ఇంజను పళ్ళచక్రం, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనుక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినపుడు చైను అత్యధికంగా బిగుస్తుంది. స్టాండు మీద సరిచేసిన చైను మోతతో దిగినపుడు తీగలా బిగుసుకొని బేరింగులను తినివేయవచ్చును. అందుచేత మనుషులను కూర్చోబెట్టి ఆ స్థితిలో కూడా ఒకసారి చైను వదులు చూడవలెను.

వెనుక దిగినపుడు ముందు భాగం తేలికై హ్యాండిలు నిలకడ తప్పుతుంది, ముందు బ్రేకు పట్టు తగ్గుతుంది, హెడ్‌లైటు ఎదుటివారి కళ్ళలో పడుతుంది. తెల్లవారుజామున చీకటిలో ఏలూరు వైపు వచ్చే చేపల బండ్ల విషయంలో ఈ చివరిది చిన్న సంగతి కాదు. మోత కట్టిన తరువాత వాహనాన్ని గోడకు పది అడుగుల దూరంలో నిలిపి, మామూలుగా ఒక్కరే కూర్చున్నపుడు వెలుగు పడే ఎత్తుకు సుద్దముక్కతో గీసిన గీతతో పోల్చి చూస్తే, మెట్టు ఎంత త్రిప్పాలో అదే చెబుతుంది.